మా బల్ల దగ్గర ఇచ్చిన మాట

మా పెళ్ళయిన తొలి ఇరవై నాలుగేళ్ళలో మా ఆయన హోలిస్ ఎనిమిది కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేశాడు. మేం పదకొండు ఇళ్ళు మారాం. మొదటి మూడు ఇళ్ళకీ కిటికీ తెరలు నేనే కుట్టాను. నాలుగో ఇంటి నుంచి పాత దుప్పట్లు మేకులకి తగిలించి ఊరుకున్నాను. హెడ్ కోచ్ ఉద్యోగం ఊడితే ఆయన కింద పనిచేసే హోలిస్‌లాంటి తొమ్మిదిమందికీ అదే రోజు ఊడుతుంది. ఆ కబురు ముందు టీవీలో వినేవాళ్ళం, తర్వాతే ఆఫీసు నుంచి ఫోను వచ్చేది.

హోలిస్ బ్రాక్స్టన్ డిఫెన్సివ్ లైన్ కోచ్. ఎదుటి జట్టు బంతి పట్టుకుని మీదికి వస్తుంటే అడ్డుకోవడానికి ముందు వరసలో చెయ్యి నేలకానించి కాచుకుని ఉండే నలుగురు భారీ మనుషులు ఉంటారే, వాళ్ళని తయారుచేయడం అతని పని. తనూ ఒకప్పుడు వాళ్ళలో ఒకడే. అలబామాలో కలప లారీ తోలే మనిషి కొడుకు. చిన్న కాలేజీలో నాలుగేళ్ళు ఆడి రెండు మోకాళ్ళూ పాడుచేసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు మూడు విరిగి, ఎటు అతుక్కున్నవి అటే ఉండిపోయాయి. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని.

అరిచే కోచ్ కాదు. మైదానంలో మిగతావాళ్ళంతా గొంతు చించుకుంటుంటే ఇతను చేతులు వెనక్కి కట్టుకుని కుర్రాళ్ళ కాళ్ళకేసి చూస్తూ నిలబడేవాడు. ఎవడు మడమ మీద బరువు వేస్తున్నాడు, ఎవడు నొప్పి దాస్తున్నాడు, ఎవడు రాత్రంతా నిద్రపోలేదు అన్నీ నడకలోనే కనిపెట్టేవాడు. ప్రతి కుర్రాడికీ ఒక అట్టముక్క పెట్టుకునేవాడు. బూట్ల సైజు, అమ్మ పేరు, ఏ చర్చి, ఏం తింటాడు, దేనికి భయపడతాడు. ఆ ముక్కలన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. ఇల్లు మారినప్పుడల్లా ఆ పెట్టెని లారీలో వెయ్యనిచ్చేవాడు కాదు, తన ఒళ్ళో పెట్టుకునేవాడు.

రెండువేల ఆరు డిసెంబరులో మేం జార్జియాలో ఉన్నాం. ఓ శనివారం మధ్యాహ్నం ఎజికీల్ మోస్లీ అనే కుర్రాణ్ణి, వాళ్ళ అమ్మమ్మనీ మా ఇంటికి భోజనానికి పిలిచాడు హోలిస్. కాలేజీలో చేర్చుకోబోయే ఆటగాళ్ళని కోచ్‌లు ఇంటికి పిలవడం మామూలే. అలాంటి భోజనాలు నేను వందకి పైగా వండి ఉంటాను. ఎజికీల్‌కి పదిహేడేళ్ళు. గుమ్మంలోంచి వస్తూ తల వంచాడు, పక్కకి తిరిగాడు. నూట ముప్పై కిలోల మనిషి. గొంతు మాత్రం మా అమ్మాయి కార్లీన్ గొంతంత సన్నం. అందరూ జీక్ అని పిలిచేవారు. వాళ్ళ అమ్మమ్మ మిస్ ఎర్నస్టీన్ కోళ్ళ ఫ్యాక్టరీలో కోసే పని చేసేది. ఎండుపుల్లలాంటి మనిషి, చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుని వచ్చింది.

పంది చాప్స్, కాలర్డ్ ఆకుకూర, చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె చేశాను. ఆవిడ గింజలు రుచి చూసి నాకేసి చూసింది.

"ఇందులో ఏం వేశావమ్మా?"

"పంది మెడ ఎముకండీ."

"ఊఁ. పొగ బెట్టిందే కదా? తెలుస్తోంది." అది మెచ్చుకోలని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది.

హోలిస్ జీక్‌ని చూసి నవ్వాడు. "ఏరా, నాలుగో ప్లేటా?"

"మూడోది సార్. మొదటిది రుచి చూశానంతే. అది లెక్కలోకి రాదు."

పద్నాలుగేళ్ళ మా కార్లీన్ ఊరుకోలేదు. "కాస్త చూసుకుని కూర్చో. ఆ కుర్చీ మా నానమ్మది. అది విరిగితే మా నాన్న నిన్ను కాదు, నన్ను తిడతాడు."

అందరం నవ్వాం. మిస్ ఎర్నస్టీన్ నవ్వలేదు. ఫోర్కు పక్కన పెట్టి, తుండుతో మూతి తుడుచుకుని హోలిస్ వైపు తిరిగింది.

"చూడు నాయనా. అయిదు కాలేజీలు తిరిగాం. అందరూ బిల్డింగులు చూపించారు. అద్దాలు, ఈత కొలనులు, వాడి పేరు రాసిన చొక్కాలు. నాకు అవేవీ అక్కర్లేదు. నేనడిగేది ఒక్కటే. వీడు ఇక్కడ నాలుగేళ్ళుంటాడు. నువ్వుంటావా?"

"ఉంటానమ్మా," అన్నాడు హోలిస్.

"ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించే చెప్తున్నాను. నాలుగేళ్ళూ ఉంటాను."

నేను వంటింట్లోకి వెళ్ళి పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ తెచ్చి అందరికీ వడ్డించాను. ఆ వారం మొదట్లోనే టెనెసీ నుంచి క్లేటన్ రీడ్ ఫోను చేశాడని నాకు తెలుసు. అతను హోలిస్ పాత స్నేహితుడు, ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి కొత్తగా హెడ్ కోచ్ అయ్యాడు. "నా ముందు వరస నీకే" అన్నాడు. హోలిస్ ఆలోచించి చెప్తానన్నాడు. ఇప్పుడు ఈవిడ ముందు ఆలోచించే చెప్తున్నానంటున్నాడు. నేను కాబ్లర్ మీద ఐస్‌క్రీం వేస్తూ ఉన్నాను.

మిస్ ఎర్నస్టీన్ ఇంకో మాట కూడా చెప్పింది. "వీడి రక్తంలో సికిల్ లక్షణం ఉంది, రక్తకణాలు కొడవళ్ళలా వంగిపోయే గుణం. జబ్బు కాదు, లక్షణం. మా అమ్మాయి నుంచి వచ్చింది. మామూలుగా ఏం కాదు. కానీ ఎండలో మరీ పరిగెత్తిస్తే తొడలు రాయిలా బిగుసుకుపోతాయి. అప్పుడు ఆపేసి కూర్చోబెట్టాలి. పదో తరగతిలో ఒకసారి అయింది. వాడు చెప్పడు. చచ్చినా చెప్పడు. నువ్వే కనిపెట్టాలి."

"అమ్మమ్మా..." అన్నాడు జీక్ తల దించుకుని.

"నోర్ముయ్. నేను మాట్లాడుతున్నా."

హోలిస్ జేబులోంచి అట్టముక్క తీసి అక్కడే రాసుకున్నాడు. "వీడు జూన్‌లో రాగానే డాక్టర్లకి చెప్తానమ్మా. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యను," అన్నాడు. ఆవిడ ఎదురుగా నేను కూర్చున్నాను. ఆవిడ నాకేసి కూడా చూసింది. నేను తల ఊపాను.

ఫిబ్రవరిలో ఆ కాలేజీలోనే చేరతానని జీక్ కాగితం మీద సంతకం పెట్టాడు. తొమ్మిది రోజుల తర్వాత హోలిస్ టెనెసీ ఉద్యోగం ఒప్పుకున్నాడు.

నేను వద్దనలేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అంత పెద్ద మైదానం, అంత పేరున్న జట్టు మాకు మళ్ళీ దొరకవని ఇద్దరికీ తెలుసు. హోలిస్‌కి నలభై తొమ్మిదేళ్ళు. జీక్ వాళ్ళకి ఫోను చెయ్యడానికి మూడు రోజులు వెనకాడాడు. చివరికి వంటింట్లో నిలబడి చేశాడు. జీక్ బదులు ఆవిడ తీసింది. ఇతను చెప్పినంతసేపూ వింది. ఫోను పెద్దగా వినిపించేది, ఆవిడ మాట నాకూ వినబడింది.

"అయితే ఆ సంతకం మావాణ్ణి కట్టేసిందన్నమాట. నిన్ను కట్టెయ్యలేదన్నమాట."

"నా తర్వాత వచ్చేవాడు మంచివాడమ్మా. వాణ్ణి బాగా..."

"వాడి పేరేమిటి?"

హోలిస్‌కి అప్పటికింకా తెలీదు. ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ రోజుల్లో సంతకం పెట్టిన కుర్రాడు వేరే కాలేజీకి పోవాలంటే ఏడాది ఆట మానుకుని కూర్చోవాలి. కోచ్‌కి అలాంటిదేం లేదు.

టెనెసీలో మేం ఇల్లు కొనుక్కున్నాం. అంగడికి వెళ్ళి తెరలు కొని తెచ్చాను. కార్లీన్ స్కూలు బ్యాండులో క్లారినెట్ వాయించడం మొదలుపెట్టింది. హోలిస్ పొద్దున అయిదింటికే వెళ్ళిపోయేవాడు, సంతోషంగానే వెళ్ళేవాడు.

ఆగస్టు రెండో వారంలో పొద్దున టిఫిను గిన్నెలు కడుగుతుంటే ఫోను వచ్చింది. జార్జియాలో మా పక్కింట్లో ఉన్న ఇంకో కోచ్ భార్య, మర్లిస్. ఏడుస్తోంది. జీక్ నిన్న పొద్దున ప్రాక్టీసులో పడిపోయాడట. ఆసుపత్రికి చేరేసరికి మూత్రపిండాలు ఆగిపోయాయట. తెల్లారేసరికి గుండె ఆగిందట.

చేతులు కూడా తుడుచుకోకుండా కారు తీసుకుని మైదానానికి వెళ్ళాను. కోచ్‌ల భార్యలు ప్రాక్టీసుకి రారు. అది రాయని నియమం. కంచె దగ్గర నన్ను చూడగానే హోలిస్ ఈల చేత్తో పట్టుకుని వచ్చాడు.

"కార్లీన్‌కేమైనా..."

"కార్లీన్ బాగానే ఉంది. జీక్ పోయాడు. పరుగు పెట్టిస్తుంటే పడిపోయాడట."

హోలిస్ నా మొహం చూడలేదు. నా కాళ్ళకేసి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి ఈల ఊదాడు. "అందరూ నీళ్ళు తాగండి. నీడకి పొండి. హెల్మెట్లు తీసెయ్యండి. అందరూ!" అని అరిచాడు. అతను అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఇంకా పావుగంట కూడా కాలేదు ప్రాక్టీసు మొదలై. క్లేటన్ రీడ్ అవతలి నుంచి ఏమిటన్నట్టు చేతులు చాపాడు.

నేను మెల్లగా అడిగాను. "అక్కడి డాక్టర్లకి చెప్పావు కదా? మనం వచ్చే ముందు?"

"జూన్‌లో చెప్దామనుకున్నా."

"తర్వాత ఫోనైనా..."

"లేదు." కంచె పట్టుకున్నాడు. "ఒక్కసారి కూడా గుర్తు రాలేదు జెనీవా. నిజంగా. ఒక్కసారి కూడా."

నాకు గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో పెట్టెలు విప్పుతున్నప్పుడు రేకు పెట్టె జారి అట్టముక్కలన్నీ నేలమీద పడ్డాయి. ఏరుతుంటే మోస్లీ అన్న పేరు కనబడింది. డాక్టర్లకి చెప్పమని హోలిస్‌కి గుర్తుచెయ్యాలి అనుకున్నాను. అప్పుడే ఫ్రిజ్ తెచ్చినవాళ్ళు తలుపు కొట్టారు. ఆ మాట ఆ రోజు కంచె దగ్గర హోలిస్‌తో అనలేదు. ఎప్పుడూ అనలేదు.

అంత్యక్రియలకి వెళ్తానంటే క్లేటన్ ఒప్పుకోలేదు. సీజన్ ముందు ఎవరూ కదలకూడదన్నాడు. పూలు పంపించాం. అవి తిరిగి వచ్చేశాయి.

రెండేళ్ళు గడిచాయి. మిస్ ఎర్నస్టీన్ ఆ కాలేజీ మీద కేసు వేసింది. కుర్రాడి రక్తం సంగతి కుటుంబం తమకెవరికీ చెప్పలేదని కాలేజీ వాదించింది. నేను కోచ్ బ్రాక్స్టన్‌కి చెప్పాను, ఆయన రాసుకున్నాడు అంది ఆవిడ. కాలేజీ లాయరు హోలిస్‌కి ఫోను చేసి అడిగితే, "నాకు గుర్తులేదు" అన్నాడు. అది పేపర్లో వచ్చింది. ఇంటర్నెట్‌లో ఆ వార్త కింద జనం ఏవేవో రాశారు. డబ్బు కోసం ముసలిదాని నాటకమని ఒకడు రాశాడు. హోలిస్ అది మా వంటింట్లో నిలబడి చదివాడు. చదివాక అన్నం తినలేదు.

కొన్నాళ్ళకి లాయర్ల ముందు ప్రమాణం చేసి చెప్పడానికి రమ్మని నోటీసు వచ్చింది. దానికి ముందు ఆదివారం చర్చి అయ్యాక క్లేటన్ రీడ్ మా ఇంటికొచ్చాడు. వరండాలో కూర్చుని, టీ గ్లాసు తిప్పుతూ మాట్లాడాడు.

"హోలిస్, నిన్ను అబద్ధమాడమని నేననడం లేదు. అలా అర్థం చేసుకోకు. మనుషులకి గుర్తుండదు. మూడేళ్ళ కిందట భోజనం చేస్తూ ఎవరో అన్న మాట ఎవరికి గుర్తుంటుంది చెప్పు? నాకు నిన్న ఏం తిన్నానో గుర్తులేదు."

"నీకు నిన్నటి ఆటలో ప్రతి ఎత్తూ గుర్తుంది క్లేటన్."

"అది వేరు." గ్లాసు కింద పెట్టాడు. "ఒక కుర్రాడు చచ్చిపోయే జబ్బు నీ చెవిలో పడిందని, నువ్వు ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మారిపోయావని తెలిస్తే, ఇంకెవరి అమ్మ నిన్ను ఇంట్లోకి రానిస్తుంది? నిన్ను ఎలా ఉంచుకోను? నువ్వే చెప్పు, నా చోట ఉంటే నువ్వుంచుకుంటావా?"

అతను వెళ్ళాక వరండా మెట్ల మీద మేమిద్దరం దెబ్బలాడుకున్నాం. మేం అంత గట్టిగా దెబ్బలాడుకున్నది అదే.

"చెప్తాను," అన్నాడు హోలిస్.

"చెప్తే జీక్ తిరిగొస్తాడా?"

"రాడు."

"మరెందుకు? కార్లీన్‌కి ఇంకొక్క ఏడాది. ఒకే స్కూల్లో మూడేళ్ళుంది, పుట్టిన తర్వాత మొదటిసారి. దాన్ని ఇప్పుడు లాక్కుని ఎక్కడికి పోతాం? నీకింకో పని ఏం వచ్చు?"

"ఆవిణ్ణి అబద్ధాలకోరంటున్నారు. ఆవిడ మన బల్ల దగ్గర కూర్చుని చెప్పింది. నువ్వూ విన్నావు."

"నేనేం వినలేదు," అన్నాను.

హోలిస్ నాకేసి చూశాడు. కోపం లేదు. మైదానంలో కుర్రాళ్ళ నడక చూసినట్టు చూశాడు, అంతే. లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు అతను ప్రాక్టీసుకి వెళ్ళాక రేకు పెట్టె తెరిచాను. ఆ అట్టముక్క వెతకడానికి అట్టే సేపు పట్టలేదు. వంకర వేళ్ళతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. "అమ్మమ్మ పెంచింది. పద్నాలుగున్నర బూట్లు. నొప్పి చెప్పడు. సికిల్ లక్షణం, తొడలు. డాక్టర్లకి చెప్పాలి." ముక్కలు ముక్కలు చేసి సింకులో వేసి, చెత్త నలిపే మిషను వేశాను. సాయంత్రం హోలిస్ వచ్చి పెట్టె తీశాడు. ముక్కలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేశాడు. మూత పెట్టేశాడు. నన్నేమీ అడగలేదు.

గురువారం సాక్ష్యం చెప్పడానికి ఒక్కడే జార్జియాలోని మేకన్ వెళ్ళాడు. మర్నాడు తిరిగొచ్చాడు. "చెప్పేశాను," అన్నాడు. నేను గిన్నెలు సర్దుతూ సరే అన్నాను.

కాలేజీ వాళ్ళు ఆ కుటుంబంతో రాజీ చేసుకున్నారు. తప్పు ఎవరిదీ కాదని కాగితం మీద రాసుకున్నారట. జనవరిలో హోలిస్ ఉద్యోగం పోయింది. తీసేస్తున్నానని చెప్తూ క్లేటనే అతని చెయ్యి పట్టుకుని ఏడ్చాడట కూడా. కార్లీన్ ఆఖరి ఏడాదికి అలబామా స్కూలుకి మారింది. అక్కడ బ్యాండు లేదు. దాదాపు ఏడాది నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాళ్ళ నాన్నతో మాత్రం మాట్లాడేది.

హోలిస్ తనకి తెలిసిన ప్రతి కోచ్‌కీ ఫోను చేశాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు, తను ఉద్యోగం ఇప్పించినవాళ్ళు, మా పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రికి పూలు తెచ్చినవాళ్ళు. అందరూ ఒకే మాట. "తప్పకుండా చూస్తాను హోలిస్. నాకు నువ్వంటే ఎంత గౌరవమో నీకు తెలుసు." ఎవరూ తిరిగి చెయ్యలేదు. ఒక హైస్కూల్లో చేర్చుకుంటామన్నారు. వారం తర్వాత ప్రిన్సిపాల్ మనసు మార్చుకున్నాడు. ఎవరో తండ్రి పేపరు ముక్క తెచ్చి చూపించాడట.

చివరికి అలబామాలోనే దోతన్ అనే ఊళ్ళో టైర్ల గోడౌనులో కుదిరాడు. ట్రక్కు టైర్లు దించి వరసగా పేర్చడం. పాడైన మోకాళ్ళతో ఆరేళ్ళు చేశాడు. శనివారాలు టీవీలో ఆటలు చూసేవాడు కాదు. ఇంటి వెనక గడ్డి కోసేవాడు, గడ్డి లేకపోయినా కోసేవాడు. ఒకసారి పచారీ కొట్లో ఒక మనిషి గుర్తుపట్టి, "మీరు కోచ్ బ్రాక్స్టన్ కదూ?" అంటే, "కాదు బాబూ, పొరబడ్డావు" అన్నాడు. నేను పక్కనే బండి పట్టుకుని నిలబడి ఉన్నాను.

రెండువేల పదహారు అక్టోబరులో గోడౌను మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ పడిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళు. చర్చికి అతని పాత ఆటగాళ్ళు పదకొండుమంది వచ్చారు. నడివయసు మనుషులు, కొందరు కుంటుతున్నారు. శవపెట్టె మోస్తామని వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకున్నారు.

తర్వాత వారం అతని కాగితాలు సర్దుతుంటే, ఆ గురువారం మేకన్‌లో చెప్పిన సాక్ష్యం ప్రతి దొరికింది. నూట పన్నెండు పేజీలు. అతను నాకెప్పుడూ చూపించలేదు. మంచం మీద కూర్చుని మొత్తం చదివాను. జీక్ ఎలా పోయాడో అందులోనే మొదటిసారి పూర్తిగా చదివాను. నూట పది గజాల పరుగులు పదహారు పెట్టారట. తొమ్మిదో పరుగు తర్వాత కాళ్ళు బిగుసుకుపోయాయని పక్కవాడితో అన్నాడట. కొత్త కోచ్ బద్ధకం అన్నాడట. తోటి కుర్రాళ్ళ చేత రెండు రెక్కలూ పట్టించి లేపి పరిగెత్తించారట. పన్నెండోదానికి పడిపోయాడు.

లాయరు హోలిస్‌ని అడిగిన ప్రశ్నలు తర్వాత ఉన్నాయి.

"ఆమె మీకు చెప్పిందా?"

"చెప్పింది. స్పష్టంగా చెప్పింది. నేను రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు."

"ఆ రాసుకున్నది ఎక్కడుంది?"

"లేదు. నేనే పారేశాను."

"ఎందుకు పారేశారు?"

"భయమేసింది."

"ఆ సమయంలో బల్ల దగ్గర ఇంకెవరున్నారు? మీ భార్య విన్నారా?"

"లేదు. మా ఆవిడ వంటింట్లో ఉంది. తనకేం తెలీదు."

దేవుడి మీద ప్రమాణం చేసి తన తప్పంతా ఒప్పుకున్న మనిషి రెండే రెండు అబద్ధాలు ఆడాడు. రెండూ నా కోసం. ఆ రెండూ చెప్పి వచ్చి, ఏడేళ్ళు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

మొదటి పేజీలో గదిలో ఉన్నవాళ్ళ పేర్లున్నాయి. లాయర్లు, టైపు చేసినావిడ, హోలిస్. చివరన ఎర్నస్టీన్ మోస్లీ. ఆవిడ అక్కడే కూర్చుని ఉంది.

నవంబరులో ఒక మంగళవారం పొద్దున బయలుదేరి ఆవిడ ఊరు వెళ్ళాను. చిరునామా పూలు తిరిగొచ్చిన రసీదు మీద ఉంది. ఇటుకల ఇల్లు, శుభ్రంగా ఉంది. ఆవిడ వరండాలో కోటు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది. ఎడమచేతి ముంజేతి మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. నేను మెట్ల దగ్గర ఆగిపోయాను.

"మిస్ ఎర్నస్టీన్, నేను..."

"నువ్వెవరో తెలుసు. మీ ఆయన పోయాడని విన్నాను."

"అవునండీ."

"నొప్పి పడ్డాడా?"

"లేదు. తక్షణమే పోయాడు."

"మావాడు పడ్డాడు," అంది.

నిలబడే చెప్పాను. ఏప్రిల్‌లో ఆ ముక్క చూశానని, చెప్పాలనుకుని ఊరుకున్నానని. చెప్పొద్దని మా ఆయనతో దెబ్బలాడానని. ఆ ముక్క ఆయన పారెయ్యలేదు, నేనే చింపానని. ఆ రోజు నేను వంటింట్లో లేనని.

"అది నాకు చెప్తావేమిటి?" అంది ఆవిడ. "నా ఎదురుగా కూర్చున్నావు. నీలం గళ్ళ చొక్కా వేసుకున్నావు. నేను చెప్తే తల ఊపావు."

"మరి ఆ గదిలో ఆయన అబద్ధం చెప్పినప్పుడు..."

"మా లాయరు చెవిలో చెప్దామనుకున్నా. మళ్ళీ ఊరుకున్నా. ఆ మనిషి చెప్పాల్సిందంతా చెప్పి, అదొక్కటి దాచుకుంటున్నాడు. సరే, దాచుకోనీ అనుకున్నా." వీధివైపు చూసింది. "నువ్వే వస్తావనుకున్నా. ఆ వారం వస్తావనుకున్నా. తర్వాత ఆ నెల. తర్వాత అనుకోవడం మానేశా."

"క్షమించమని అడగడానికి..."

"అడక్కు. లేదు నా దగ్గర. మీ ఆయనకీ ఇవ్వలేదు. ఆయన అడిగాడు. ఆ రోజు సాక్ష్యమయ్యాక బయట మెట్ల మీద అడిగాడు. నా దగ్గర లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

ఆవిడ చేతి గడియారం చూసుకుని నాలుక చప్పరించింది.

"డయాలసిస్ వ్యాను ఇంకా రాలేదు. తొమ్మిదింటికి రావాలి. నీకు బండుందిగా?"

"ఉందండీ."

"పద అయితే."

చెయ్యి అందించబోతే వద్దంది. రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కార్లో వెనక సీట్లో కూర్చుంది. ఎడమకి, కుడికి అని దారి చెప్పడం తప్ప ఇరవై నిమిషాలూ ఇంకో మాట లేదు. ఆసుపత్రి దగ్గర ఆపాను. దిగి తలుపు పట్టుకుని నిలబడింది.

"మధ్యాహ్నం రెండింటికి అవుతుంది," అంది.

"నేనుంటాను, మళ్ళీ ఇంటికి..."

"అక్కర్లేదు. వ్యాను వస్తుంది." తలుపు వేసింది.

అద్దాల తలుపులోంచి ఆవిడ లోపలికి వెళ్ళడం కనబడింది. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి ఏదో అంటే ఆవిడ నవ్వుతూ జవాబు చెప్పింది, కోటు విప్పి ఇచ్చింది. రెండింటి దాకా ఆ బయటే కారులో కూర్చున్నాను. రెండుంపావుకి వ్యాను వచ్చింది. డ్రైవరు దిగి ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని వెళ్ళాడు. వ్యాను దాకా ఆవిడ నా కారు ముందు నుంచే నడిచింది. ఇటు చూడలేదు.